బంగారు నానో కణాల జెడ్-స్కాన్‌లో ఎన్2 అంత పెద్దదిగా ఎందుకు వస్తుంది?

అమ్మా, మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. తర్వాత చూసేవాళ్లకూ పనికొస్తుందని ముందు దాన్ని క్లుప్తంగా రాస్తాను. మీది గుణుపురం, ఇప్పుడు బరంపురంలో పరిశోధన చేస్తున్నారు. సిట్రేట్ పద్ధతిలో 15 నానోమీటర్ల బంగారు కణాలు తయారు చేశారు. 532 నానోమీటర్ల ఆకుపచ్చ లేజర్‌తో, అంటే ఆగకుండా వెలిగే 50 మిల్లీవాట్ల లేజర్‌తో జెడ్-స్కాన్ తీశారు, అంటే నమూనాను ఫోకస్ గుండా జరుపుతూ దాటివచ్చే కాంతిని కొలిచారు. క్లోజ్డ్ ఎపర్చర్‌లో, అంటే డిటెక్టర్ ముందు చిన్న రంధ్రం పెట్టి కొలిస్తే, ముందు శిఖరం, తర్వాత లోయ వచ్చాయి. లెక్క కడితే ఎన్2 (కాంతి తీవ్రతతో వక్రీభవన గుణకం ఎంత మారుతుందో చెప్పే అంకె) విలువ వాట్‌కు −3×10⁻⁸ చదరపు సెంటీమీటర్లు అని తేలింది. అతి క్లుప్తమైన పల్సులు ఇచ్చే ఫెమ్టోసెకండ్ లేజర్లతో కొలిచినవాళ్ల విలువలకంటే ఇది లక్షల రెట్లు ఎక్కువ. వ్యాసం పంపితే సమీక్షకుడు "ఇది ఉష్ణ ప్రభావం అయి ఉండవచ్చు, వివరించండి" అని వెనక్కి పంపాడు. ఏం జవాబు రాయాలి, బంగారానికి నిజంగా అంత నాన్‌లీనియర్ (కాంతి తీవ్రతను బట్టి మారే) గుణం ఉందా లేదా అని అడిగారు.

తెలుగులో అడగవచ్చా అని మొహమాటపడ్డారు కూడా. అక్కర్లేదు. నేను పర్లాకిమిడిలో పుట్టినవాణ్ణే. బడిలో ఒడియా, ఇంట్లో తెలుగు, కాలేజీలో ఇంగ్లీషు చదువుకున్నవాళ్లకు ఒక విషయం నిజంగా అర్థమైందో లేదో ఇంటి భాషలో చెప్పుకుంటేనే తెలుస్తుంది. మీరు ప్రశ్న చాలా స్పష్టంగా రాశారు.

సూటిగా చెబుతాను. సమీక్షకుడు అన్నదే సరి. మీరు కొలిచినది వేడెక్కిన నీరు కాంతిని వంచిన తీరు. అందులో బంగారం చేసిన పని కాంతిని పీల్చి నీటికి వేడి అందించడమే. మీ వక్రరేఖ తప్పు కాదు, మీ కొలత కూడా తప్పు కాదు. దానికి పెట్టిన పేరు ఒక్కటే తప్పు. ఇది మాటలతో ఒప్పించే విషయం కాదు కాబట్టి లెక్క చేసి చూపిస్తాను.

ముందు శిఖరం, తర్వాత లోయ అంటే ఏమిటో చూద్దాం. నమూనా ఫోకస్‌కు ముందు ఉన్నప్పుడు అది పుటాకార కటకంలా ప్రవర్తిస్తే, పుంజం ఇంకాస్త ముందుకు వెళ్లి ఫోకస్ అవుతుంది. దూరాన ఉన్న ఎపర్చర్ దగ్గర పుంజం సన్నబడి ఎక్కువ కాంతి లోపలికి పోతుంది. అదే శిఖరం. ఫోకస్ దాటాక అదే పుటాకార కటకం పుంజాన్ని మరింత విప్పుతుంది, ఎపర్చర్‌లోకి తక్కువ కాంతి పోతుంది. అది లోయ. అంటే కాంతి ఎక్కువగా ఉన్న మధ్యభాగంలో వక్రీభవన గుణకం తగ్గింది. 1989లో షేక్ బహాయి, వాన్ స్ట్రైలాండ్ బృందం ఈ పద్ధతిని ప్రకటించినప్పటి నుంచి ప్రపంచమంతా వాడుకలోకి రావడానికి కారణం ఈ సరళత్వమే. ఒక లెన్సు, ఒక కదిలే బల్ల, రెండు డిటెక్టర్లు ఉంటే చాలు. అయితే ఈ పద్ధతి గుణకం ఎంత మారిందో చెబుతుంది, ఎందుకు మారిందో మాత్రం చెప్పదు. ఆ ఎందుకు అన్నది మనమే వేరే ప్రయోగాలతో తేల్చుకోవాలి.

మే నెలలో బరంపురం నుంచి ఛత్రపురం వైపు హైవే మీద బస్సులో వెళ్తుంటే దూరాన తారురోడ్డు మీద నీళ్లు నిలిచినట్టు కనిపిస్తుంది కదా. ఎండమావి. రోడ్డుకు ఆనుకుని ఉన్న గాలి వేడెక్కి పలచబడుతుంది, దాని వక్రీభవన గుణకం తగ్గుతుంది, ఆకాశం నుంచి వచ్చే కాంతి వంగి మన కంటికి చేరుతుంది. మీ క్యువెట్‌లో, అంటే ద్రవం పోసిన చిన్న పాత్రలో, జరుగుతున్నది అదే, కొలతలే వేరు. పుంజం మధ్యలో నీరు వేడెక్కి గుణకం తగ్గుతుంది, అంచుల్లో చల్లగా ఉంటుంది. మధ్యలో తక్కువ, అంచుల్లో ఎక్కువ అంటే పుటాకార కటకమే. దీన్ని థర్మల్ లెన్స్ అంటారు. ఇది కొత్త సంగతి కాదు. మొదటి లేజర్ 1960లో వెలిగితే, 1965 నాటికే బెల్ ల్యాబ్స్‌లో గోర్డన్ తదితరులు లేజర్ దారిలో ద్రవాలు పెట్టి ఈ ప్రభావాన్ని చూసి ప్రచురించారు.

ఇప్పుడు మీ అంకెలతోనే లెక్క చేద్దాం. 10 సెంటీమీటర్ల లెన్సు వాడారు, ఫోకస్ దగ్గర పుంజం వ్యాసార్ధం దాదాపు 20 మైక్రాన్లు అని రాశారు. 1 మిల్లీమీటరు క్యువెట్. బంగారం గాఢత 0.25 మిల్లీమోలార్. ఆ గాఢత దగ్గర 1 సెంటీమీటరు క్యువెట్‌లో 520 నానోమీటర్ల శిఖరం శోషణ దాదాపు 1 ఉంటుంది, కాబట్టి మీ క్యువెట్‌లో 0.1. అంటే పడిన కాంతిలో దాదాపు 20 శాతం అక్కడే ఆగిపోతుంది. 50 మిల్లీవాట్లలో 10 మిల్లీవాట్లు వేడిగా మారి నీటిలో చేరుతున్నాయి.

థర్మల్ లెన్స్ ఎంత ఫేజ్ మార్పు (కాంతి తరంగపు దశలో తేడా) తెస్తుందో చెప్పే సూత్రం చాలా చిన్నది. పీల్చుకున్న పవర్‌ను, ఒక డిగ్రీకి నీటి గుణకం మారే రేటుతో గుణించి, తరంగదైర్ఘ్యంతోనూ నీటి ఉష్ణవాహకతతోనూ భాగించాలి. గది ఉష్ణోగ్రత దగ్గర నీటి గుణకం డిగ్రీకి దాదాపు 1×10⁻⁴ చొప్పున తగ్గుతుంది. ఉష్ణవాహకత మీటరుకు, డిగ్రీకి 0.6 వాట్లు. పెట్టి చూడండి, 3 రేడియన్లు వస్తుంది. పుంజం మధ్యకూ అంచుకూ ఒకటి రెండు డిగ్రీల తేడా ఉంటే చాలు, ఇంత మార్పు వచ్చేస్తుంది.

ఆ 3 రేడియన్లను మీరు చేసినట్టే, అది కెర్ ప్రభావమే (కాంతి తీవ్రతకు ఎలక్ట్రాన్లు వెంటనే స్పందించి గుణకం మార్చడమే) అనుకుని, ఎన్2గా మార్చండి. ఫోకస్ దగ్గర తీవ్రత చదరపు సెంటీమీటరుకు 8 కిలోవాట్లు, క్యువెట్ ప్రభావిత పొడవు 0.9 మిల్లీమీటర్లు. వచ్చే విలువ దాదాపు 3.7×10⁻⁸ చదరపు సెంటీమీటర్లు, గుర్తు రుణం. మీకు వచ్చినది 3×10⁻⁸. ఈ లెక్కలో బంగారపు నాన్‌లీనియర్ గుణం ఎక్కడా వాడలేదు. నీటి గుణాలు, శోషణ, ఇంతే. ఆ రెండూ కలిసి మీ మొత్తం సంకేతాన్ని వివరించేస్తున్నాయి, బంగారానికి మిగిలినదేమీ లేదు. ఈ లెక్క ఒక్కటి వ్యాసంలో పెట్టినా సమీక్షకుడికి సగం జవాబు దొరికినట్టే.

మరి బంగారానికి సొంతంగా ఏమీ లేదా? ఉంది, చాలా అందమైన విషయమే ఉంది. కానీ దాన్ని చూడాలంటే వేరే గడియారం కావాలి.

1857లో మైకేల్ ఫారడే బంగారాన్ని చాలా సన్నని కణాలుగా చేసి కెంపు రంగు ద్రవాలు తయారు చేశాడు. బంగారపు గుణం మారకుండానే కణం పరిమాణం వల్లే రంగు మారిందని ఊహించాడు. 1908లో గుస్టావ్ మీ ఆ రంగుకు గణితం ఇచ్చాడు. కణంలోని స్వేచ్ఛా ఎలక్ట్రాన్లన్నీ కాంతికి తగ్గట్టు ఒక్కసారిగా ఊగుతాయి, 520 నానోమీటర్ల దగ్గర ఆ ఊపు బలంగా ఉంటుంది. దాన్నే ప్లాస్మాన్ అంటున్నాం. 1985 నుంచి 1988 వరకు ఫ్రాన్స్‌లో రికార్, హాష్, ఫ్లిట్జానిస్ వంటివాళ్లు ఈ ఎర్ర కొల్లాయిడ్ల మీద తీవ్రమైన లేజర్ పల్సులు వేసి, ఇందులో మూడు వాటాలున్నాయని విడదీశారు. స్వేచ్ఛా ఎలక్ట్రాన్లు ఒకే పట్టీలో కదలడం వల్ల వచ్చేది చాలా చిన్నది. డి-పట్టీ (ఎలక్ట్రాన్లు నిండి ఉండే కింది శక్తి స్థాయిలు) నుంచి పైకి ఎగిరే ఎలక్ట్రాన్ల వల్ల వచ్చేది మధ్యస్థం. వేడెక్కిన ఎలక్ట్రాన్ల వల్ల వచ్చేది అన్నిటికంటే పెద్దది, అది ఇఎస్‌యు అనే పాత ప్రమాణంలో 10⁻⁷ స్థాయిలో ఉంటుంది.

ఈ మూడోదాని గురించి కాస్త ఆగి చెప్పాలి, ఎందుకంటే నాకు ఈ సబ్జెక్టులో అన్నిటికంటే ఇష్టమైన భాగం ఇదే. లోహంలో ఎలక్ట్రాన్ల ఉష్ణధారణ చాలా తక్కువ. చిన్న పల్సు పడగానే అవి వేల డిగ్రీలకు వెళ్లిపోతాయి, కానీ పరమాణువుల చట్రం ఇంకా చల్లగానే ఉంటుంది. ఒకే కణంలో ఒకే క్షణాన రెండు ఉష్ణోగ్రతలు! కొన్ని వందల ఫెమ్టోసెకన్లలో ఎలక్ట్రాన్లు ఆ శక్తిని తమలో తాము పంచుకుంటాయి. ఒకటి నుంచి కొన్ని పికోసెకన్లలో చట్రానికి ఇచ్చేస్తాయి. మీ కణాల సైజుకు వంద పికోసెకన్ల ప్రాంతంలో కణం తన వేడిని చుట్టూ ఉన్న నీటికి వదిలేస్తుంది. ఎలక్ట్రాన్లు వేడిగా ఉన్న ఆ కొద్ది కాలంలో నిండిన స్థాయిలకూ ఖాళీ స్థాయిలకూ మధ్య గీత మసకబారుతుంది. బంగారంలో డి-పట్టీ నుంచి పైకి ఎగరడానికి కావలసిన శక్తి 2.4 ఎలక్ట్రాన్ వోల్టుల ప్రాంతంలో ఉంది, మీ ఆకుపచ్చ ఫోటాన్ 2.33. దాదాపు గీత మీదే ఉన్నాం. అందుకే ఆ మసక కొంచెం మారినా శోషణ బాగా మారుతుంది.

ఇక నాలుగో గడియారం నీటిది. 20 మైక్రాన్ల పుంజం నుంచి వేడి పక్కకు జారుకోవడానికి నీటిలో 0.7 మిల్లీసెకన్లు పడుతుంది. పికోసెకనుతో పోలిస్తే అది డెబ్భై కోట్ల రెట్లు పొడవు. మీ లేజర్ ఆగకుండా వెలుగుతోంది కాబట్టి నాలుగు గడియారాలూ పూర్తిగా తిరిగాక మిగిలిన స్థితినే మీరు చూస్తున్నారు. చివరి గడియారం పోగేసిన వేడి ముందు మిగతావన్నీ మునిగిపోతాయి.

ఎంత మునిగిపోతాయో కూడా లెక్క కట్టాను. మీ క్యువెట్‌లో బంగారం లీటరుకు 0.05 గ్రాములు. ఘనపరిమాణంలో చూస్తే పది లక్షల భాగాల్లో రెండున్నర భాగాలే బంగారం, మిగతాదంతా నీరు. ప్లాస్మాన్ వల్ల కణం లోపల విద్యుత్ క్షేత్రం పెరుగుతుందని అందరం రాస్తాం. నిజమే. కానీ 532 దగ్గర గోళాకార బంగారు కణానికి, నీటిలో, ఆ పెరుగుదల దాదాపు 2 రెట్లే. మూడో క్రమపు ప్రభావంలో అది నాలుగో ఘాతంగా వస్తుంది కాబట్టి 16 రెట్లు. పది లక్షల్లో రెండున్నరను 16తో గుణిస్తే లక్షలో నాలుగు వంతులు. వేడి ఎలక్ట్రాన్ల వాటాను ఉదారంగా పూర్తిగా తీసుకున్నా, మొత్తం ద్రవానికి ఎన్2 10⁻¹³ చదరపు సెంటీమీటర్ల స్థాయి దాటదు. అదీ ఎక్కువ భాగం శోషణలో మార్పుగానే వస్తుంది. మీ తీవ్రత దగ్గర అది తెచ్చే ఫేజ్ మార్పు లక్షలో ఒక వంతు రేడియన్. మీ డిటెక్టర్‌లో ఒక శాతం గలగల (నాయిజ్) ఉన్నా, కనిపించాలంటే కనీసం 0.025 రేడియన్లు కావాలి. అంటే మీ అమరికలో బంగారం అసలు గుణం కనిపించే అవకాశమే లేదు.

"మరి ప్రచురితమైన వ్యాసాల్లో కూడా విలువలు ఒకదానికొకటి పొంతన లేవు కదా" అని రాశారు. సరిగ్గానే గమనించారు. 2014లో నాన్‌లీనియర్ ఆప్టిక్స్ పరిశోధకుడు రాబర్ట్ బాయిడ్ తన సహచరులతో కలిసి ముద్దబంగారం మీద వచ్చిన విలువలన్నీ పక్కపక్కన పెట్టి చూశాడు. వాటి మధ్య తేడా వెయ్యి రెట్లు దాటింది. కారణం కూడా చెప్పాడు. కాంతితో పాటు తక్షణం స్పందించే భాగాన్ని మాత్రమే చూసే పద్ధతుల్లో చిన్న విలువలు వస్తాయి. తీవ్రతతో గుణకం ఎంత మారిందో చూసే పద్ధతుల్లో పికోసెకన్ల పాటు నిలిచే వేడి ఎలక్ట్రాన్ల భాగం కూడా కలుస్తుంది, కాబట్టి పెద్దవి వస్తాయి. ఎవరూ తప్పు కొలవలేదు, కొలిచిన విషయాలే వేరు. అందుకే బంగారానికి ఎన్2 విలువ అని పట్టికలో ఒక్క అంకె రాయడం నాకు నచ్చదు. పల్సు ఎంత పొడవు, సెకనుకు ఎన్ని పల్సులు, ఏ తరంగదైర్ఘ్యం, ఏ ద్రావణి అన్న నాలుగూ పక్కన లేకపోతే ఆ అంకెకు అర్థం లేదు.

పల్స్ లేజర్ దొరికితే గొడవ తీరిపోతుందని మాత్రం అనుకోకండి. ఫెమ్టోసెకండ్ లేజర్ అయినా సెకనుకు 8 కోట్ల పల్సులు కొట్టేది అయితే, రెండు పల్సుల మధ్య 12.5 నానోసెకన్లే విరామం. నీటికి చల్లబడటానికి 0.7 మిల్లీసెకన్లు కావాలి. ఈ లోపు యాభై వేలకు పైగా పల్సుల వేడి ఒకదాని మీద ఒకటి చేరుతుంది. పల్సు సన్ననిదే, వేడి మాత్రం మీ లేజర్‌లో లాగానే పోగవుతుంది. సెకనుకు 10 పల్సులు ఇచ్చేవి ఈ విషయంలో సురక్షితం.

ఆ 10 పల్సుల లేజర్‌తో నాకే జరిగినది చెబుతాను. నా పరిశోధన రోజుల్లో వేరే ఊరి ల్యాబ్‌లో 7 నానోసెకన్ల ఆకుపచ్చ పల్సులు, ఒక్కోటి 50 మైక్రోజౌళ్లు, వాడాను. ఓపెన్ ఎపర్చర్‌లో, అంటే రంధ్రం లేకుండా కాంతినంతా పట్టి కొలిస్తే, ఎం అక్షరం ఆకారం వచ్చింది. ఫోకస్‌కు దగ్గరవుతున్నప్పుడు ప్రసారం పెరుగుతుంది, సరిగ్గా ఫోకస్ దగ్గర పడిపోతుంది, మళ్లీ పెరుగుతుంది. ప్లాస్మాన్ శోషణ సంతృప్తి చెందడం వల్ల పెరుగుదల, ఎక్కువ తీవ్రత దగ్గర మరో రకం శోషణ వల్ల తగ్గుదల అని రాసుకుని, రెండు పదాల సమీకరణం పెట్టి గీత చక్కగా సరిపోయిందని సంతోషించాను. నాలుగు నెలల డేటా. ఒకరోజు అదే క్యువెట్‌కు స్పెక్ట్రోఫోటోమీటర్‌లో మళ్లీ స్పెక్ట్రం తీస్తే శిఖరం కుంగి ఉంది. టీఈఎం అనే ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినిలో చూస్తే 15 నానోమీటర్ల కణాల మధ్య చిన్నచిన్న తునకలు.

తర్వాత లెక్క చేసి చూసుకుని చాలా బాధపడ్డాను. 20 మైక్రాన్ల ఫోకస్ దగ్గర 50 మైక్రోజౌళ్లు అంటే చదరపు సెంటీమీటరుకు 8 జౌళ్లు. 15 నానోమీటర్ల కణానికి చదరపు సెంటీమీటరుకు 10 మిల్లీజౌళ్లు ఒక్క క్షణంలో అందితే, వేడి బయటికి పోకపోతే, దాని ఉష్ణోగ్రత మూడు వేల డిగ్రీలు పెరగాలి. బంగారం కరిగేది 1064 డిగ్రీల సెల్సియస్ దగ్గర. నానోసెకండ్ పల్సులో వేడి కొంత నీటికి జారుతుంది నిజమే, కానీ నేను ఇచ్చింది దానికి 800 రెట్లు. కణాలు కరిగాయి, పగిలాయి, చుట్టూ ఆవిరి బుడగలు పుట్టి కాంతిని చెదరగొట్టాయి. ఫోకస్ దగ్గర ప్రసారం పడిపోవడంలో చాలా భాగం ఆ బుడగల పనే. నేను దాన్ని రెండు ఫోటాన్ల శోషణ అని రాశాను. మా గైడ్‌కు చూపించి, ఆ నాలుగు నెలల డేటా పక్కన పెట్టి, తక్కువ శక్తితో, ప్రతి స్కాన్‌కూ కొత్త ద్రవం పోసి మళ్లీ మొదలుపెట్టాను. మీరు ఎప్పుడైనా పల్స్ లేజర్ దగ్గరికి వెళ్తే, స్కాన్‌కు ముందూ తర్వాతా స్పెక్ట్రం తీయడం మానకండి. పుంజం తగిలేది క్యువెట్‌లో చాలా చిన్న భాగానికే కాబట్టి ఒక్క స్కాన్‌తో మార్పు కనిపించకపోవచ్చు. తక్కువ ద్రవం తీసుకుని, కలుపుతూ, ఎక్కువసేపు పల్సులు కొట్టి చూడాలి.

ఇప్పుడు మీ చేతిలో ఉన్న పరికరాలతోనే ఏం చేయవచ్చో చూద్దాం.

అన్నిటికంటే సులువైనది రంగు నీళ్ల పరీక్ష. మిఠాయిల్లో వేసే ఎర్ర రంగు, కార్మోయిసిన్, నీటిలో కలపండి. దాని శోషణ శిఖరం కూడా 515 నానోమీటర్ల ప్రాంతంలోనే ఉంటుంది. 532 దగ్గర మీ బంగారు ద్రవానికి ఎంత శోషణ ఉందో సరిగ్గా అంతే వచ్చేలా పలచన చేసి, అదే క్యువెట్‌లో, అదే పవర్‌లో స్కాన్ తీయండి. బంగారపు చుక్క కూడా లేని ఆ ద్రవానికి అదే శిఖరం, అదే లోయ వస్తాయి. రెండు గీతలూ ఒకే బొమ్మలో పెట్టండి. రోడమైన్ లాంటి వెలిగే రంగులు వద్దు, అవి పీల్చిన శక్తిలో కొంత కాంతిగా తిరిగి ఇచ్చేస్తాయి, పోలిక చెడుతుంది.

ఇంతకంటే బలమైనది కాలాన్ని చూసే పరీక్ష. మీ డిపార్ట్‌మెంట్‌లో చాపర్ (పుంజాన్ని తెరిచి మూసే తిరిగే రెక్కల చక్రం), ఆసిలోస్కోప్ ఉన్నాయని రాశారు. నమూనాను లోయ ఉన్న చోట నిలిపి, పుంజాన్ని సెకనుకు 10 సార్లు తెరిచి మూస్తూ, ఎపర్చర్ వెనక డిటెక్టర్ సంకేతం స్కోప్‌లో చూడండి. కెర్ ప్రభావమే అయితే పుంజం తెరుచుకోగానే సంకేతం తన చివరి విలువకు వచ్చి అక్కడే నిలుస్తుంది. వేడి అయితే మొదట పూర్తి ఎత్తుకు లేచి, తర్వాత మిల్లీసెకన్ల మీద నెమ్మదిగా కిందికి దిగుతుంది. శిఖరం చోట పెడితే నెమ్మదిగా పైకి ఎక్కుతుంది. ఇక్కడ ఒక జాగ్రత్త. మీ పుంజం వెడల్పు లెన్సు ముందు దాదాపు 1.7 మిల్లీమీటర్లు. చాపర్ రెక్క నెమ్మదిగా తిరిగేటప్పుడు అంత వెడల్పు దాటడానికే రెండు మూడు మిల్లీసెకన్లు పడుతుంది, మీరు చూడాల్సిన మార్పు ఆ తెరుచుకునే సమయంలోనే కలిసిపోతుంది. అందుకని చాపర్ ముందు ఇంకో లెన్సు పెట్టి, పుంజం సన్నబడిన చోట రెక్క కోసేలా చేసి, తర్వాత మరో లెన్సుతో మళ్లీ సమాంతరం చేయండి. అప్పుడు తెరుచుకునే సమయం వంద మైక్రోసెకన్ల లోపుకు వస్తుంది.

ఆ గీత మొదట్లో, అంటే వేడి ఇంకా కూడని తొలి క్షణాల్లో, సంకేతం ఏ మార్పూ లేకుండా ఉంటే మీకు ఒక నిజాయితీ గల ఫలితం వచ్చినట్టు. ఒక శాతం గలగల ఉన్న మీ అమరికలో, ఎలక్ట్రాన్ల వల్ల వచ్చే ఎన్2 విలువ 3×10⁻¹⁰ కంటే తక్కువ అని పై హద్దు మాత్రం చెప్పగలరు. అంతకు మించి చెప్పలేరు, చెప్పకూడదు.

కంటితో చూసే సూచన కూడా ఒకటి ఉంది. ఎపర్చర్ తీసేసి పుంజాన్ని గోడ మీద పడనివ్వండి. పవర్ పూర్తిగా పెంచితే వలయాలు కనిపించవచ్చు. లేజర్ తెరిచిన క్షణంలో గుండ్రంగా ఉండి, కాసేపటికి పైభాగం అణిగిపోతే, వేడెక్కిన నీరు పైకి లేస్తోందని అర్థం. ఎలక్ట్రాన్లకు పైనా కిందా తెలియదు కదా. ఫోన్‌లో వీడియో తీసి ఉంచుకోండి.

ద్రావణి మార్చడం కూడా మంచి పరీక్షే. ఇథనాల్ గుణకం డిగ్రీకి నీటికంటే నాలుగు రెట్లు వేగంగా మారుతుంది, దాని ఉష్ణవాహకత నీటిలో మూడో వంతుకంటే తక్కువ. రెండూ కలిపితే అదే శోషణకు థర్మల్ లెన్స్ దాదాపు 14 రెట్లు బలపడాలి. కాకపోతే మీ సిట్రేట్ కణాలు ఇథనాల్‌లో పోస్తే ముద్దలు కట్టి నీలంగా మారతాయి. పీవీపీ అనే పాలిమర్ పూత వేసినవి కావాలి. సమయం ఉంటేనే చేయండి.

సమీక్షకుడు గాఢత మార్చి చూపమని కూడా అడిగాడన్నారు. అడిగినందుకు చేయండి గానీ, దానితో ఏమీ తేలదు. గాఢత పెంచితే శోషణ పెరుగుతుంది, వేడి పెరుగుతుంది, ఎన్2 సరళరేఖలో పెరుగుతుంది. ఎలక్ట్రానిక్ ప్రభావమైనా అలాగే సరళరేఖలో పెరుగుతుంది. రెండిటికీ ఒకే గీత. ఆ గీతను రుజువుగా చూపే వ్యాసాలు చాలానే వస్తున్నాయి, వాటిని అనుసరించకండి.

వ్యాసాన్ని పారేయాల్సిన పని లేదు. పేరులోంచి "భారీ మూడో క్రమపు నాన్‌లీనియర్ గుణం" అన్న మాట తీసేయండి. బంగారు కొల్లాయిడ్‌లో థర్మల్ లెన్స్ కొలత అని పెట్టండి. చాపర్ గీతల నుంచి ద్రవపు ఉష్ణ వ్యాపన గుణకం వస్తుంది. నీటిది సెకనుకు 1.4×10⁻⁷ చదరపు మీటర్లు అని ముందే తెలుసు కాబట్టి మీ అమరిక సరిగ్గా ఉందో లేదో దానితో సరిచూసుకోవచ్చు. తక్కువ పవర్ లేజర్ల నుంచి డిటెక్టర్లను కాపాడే లిమిటర్‌గా ఈ ద్రవం ఎంత బాగా పనిచేస్తుందో కొలవవచ్చు, వేడి వల్ల అయినా పరిమితం చేయడం పరిమితం చేయడమే, స్పందన మిల్లీసెకన్లలో ఉంటుందని రాస్తే సరిపోతుంది. సమీక్షకుడికి మాత్రం "మీ సూచన సరైనది, లెక్క చేసి చూశాం, సంకేతం మొత్తం ఉష్ణ ప్రభావంతోనే సరిపోయింది, వ్యాసాన్ని ఆ ప్రకారం తిరగరాశాం" అని రాయండి. మీ గైడ్ ఒప్పుకోరేమో అని టెన్షన్ పడుతున్నారు. 3 రేడియన్ల లెక్క ఒక కాగితం మీద రాసి, రంగు నీళ్ల గీత పక్కన పెట్టి చూపించండి. మాటతో అంటే వాదన అవుతుంది, గీతలు చూపిస్తే ఆయనే అడుగుతారు.

ఎలక్ట్రాన్ల భాగమే చూడాలని పట్టుదల ఉంటే పికోసెకండ్, ఫెమ్టోసెకండ్ లేజర్లున్న చోటికి వెళ్లాలి. హైదరాబాద్ విశ్వవిద్యాలయం, బెంగళూరు రామన్ పరిశోధన సంస్థ, ఇండోర్ ఆర్ఆర్‌క్యాట్‌లలో ఇలాంటి పని ఏళ్ల తరబడి జరుగుతోంది. వెళ్లే ముందు ఇక్కడి థర్మల్ లెన్స్ ఫలితం పక్కాగా చేతిలో ఉంటే, అక్కడ దొరికే కొద్ది రోజులూ వృథా కావు.

కొల్లాయిడ్ గురించి రెండు మాటలు. గాజు సామాను బోరు నీళ్లతో కడిగి ఆరబెట్టకండి. ఆ లవణాలు కొద్దిగా మిగిలినా సిట్రేట్ కణాల మధ్య వికర్షణ తగ్గి ముద్దలు కడతాయి, శోషణ శిఖరం ఎర్ర వైపు జరుగుతుంది. చివరి కడుగు తప్పకుండా డబుల్ డిస్టిల్డ్ నీళ్లతోనే. గోపాలపురం సముద్రం మనకు ఎంతో దూరం లేదు, ఉప్పు తేమ గాలి ల్యాబ్‌లోకి వస్తుంది, వానాకాలంలో లెన్సుల మీద బూజు పడుతుంది. లెన్సులు సిలికా జెల్ వేసిన డబ్బాలో పెట్టుకోండి. బూజు పట్టిన లెన్సుతో ఫోకస్ 20 మైక్రాన్లు అని రాస్తే అది 35 అయి ఉండవచ్చు, వ్యాసార్ధంలో ఆ తప్పు తీవ్రతలో మూడు రెట్లు అవుతుంది.

నిజానికి నాకు మిగిలిన ఒకే సందేహం అదే. ఆ 20 మైక్రాన్లు ఎలా వచ్చాయో మీరు రాయలేదు. లెన్సు సూత్రంతో లెక్క కట్టారా, బ్లేడు జరిపి కొలిచారా? లెక్కే అయితే ముందు బ్లేడుతో కొలవండి. మైక్రోమీటర్ బల్ల మీద కొత్త షేవింగ్ బ్లేడు బిగించి, పుంజానికి అడ్డంగా రెండు మైక్రాన్ల చొప్పున జరుపుతూ పవర్ రాసుకుంటే ఒక పూటలో అయిపోతుంది. శిఖరానికీ లోయకూ మధ్య దూరం కూడా చూసి చెప్పండి. మీ వ్యాసార్ధం నిజంగా 20 అయితే రేలీ దూరం (ఫోకస్ నుంచి పుంజం వైశాల్యం రెట్టింపయ్యే చోటికి దూరం) 2.4 మిల్లీమీటర్లు, కెర్ ప్రభావానికి ఆ దూరం దాని 1.7 రెట్లు, అంటే 4 మిల్లీమీటర్లు ఉండాలి. మీ బొమ్మలో అంతకంటే తేడాగా కనిపిస్తోంది. ఇంకో మాట, శిఖరానికీ లోయకూ ఉన్న ఎత్తు తేడా నుంచి ఫేజ్ మార్పు తేల్చే 0.406 సూత్రం 3 రేడియన్ల దగ్గర అంచున ఉంటుంది, పవర్‌ను 10 మిల్లీవాట్లకు తగ్గించి స్కాన్ మళ్లీ తీయండి. ఆ బ్లేడు గీత, 10 మిల్లీవాట్ల గీత, చాపర్ గీత మూడూ ఇక్కడ పెడితే కూర్చుని మీతో పాటు లెక్క చేస్తాను.